మెడికేర్ ఔషధబీమా మార్పు: అపోహలు – వాస్తవములు

అమెరికాలో ఉద్యోగవిరమణ చేసిన తెలుగువారును, బిడ్డలయొద్దకు వచ్చి గ్రీన్ కార్డుతో ఐదేండ్లు ఎడతెగక నివసించి అఱువది యైదేండ్లు నిండి ప్రభుత్వ ఆరోగ్యబీమాయగు మెడికేరునకు అర్హులైన తల్లిదండ్రులును ప్రతి సంవత్సరము శరత్కాలమున ఒక నిర్ణయము చేయవలసి యుండును. 2003లో శాసనమై, 2006 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన మెడికేర్ పార్ట్ డి, ప్రభుత్వనియమములకు లోబడి ప్రైవేటు కంపెనీలు నడపు ఔషధబీమా. అందు ప్లాను మార్చుకొనుటకు అక్టోబరు 15 మొదలు డిసెంబరు 7 వఱకు గడువు కలదు. మార్పు జనవరి 1 నుండి వర్తించును. ఈ గడువును గూర్చి వ్యాపించిన అపోహలు వృద్ధుల ధనమునకును ఆరోగ్యమునకును హాని చేయుచున్నవి కావున, వానిని విచారించుట అవసరము.

అపోహ 1: నిరుడు అనుకూలించిన ప్లాను ఈ యేడును అనుకూలించును.

వాస్తవము: ప్లాను షరతులు ఒక్క సంవత్సరమునకే నిలుచును. ప్రీమియము, డిడక్టిబుల్ (బీమా చెల్లింప మొదలిడుటకు ముందు మనమే భరించు మొత్తము), మందుల పట్టిక, చవుకగా నిచ్చు ఫార్మసీలు అన్నియు మాఱవచ్చును. మనవంతు ఖర్చు తక్కువగా నుండు రెండవ శ్రేణిలోని మందు, ఖర్చు ఎక్కువైన నాలుగవ శ్రేణికి పోవచ్చును, పట్టికనుండియే తొలగిపోవచ్చును. ఈ మార్పులను తెలుపు లేఖ సెప్టెంబరు నెలాఖరులోగా చందాదారునకు చేరవలయును. దానిని చదువక ఊరకుండినవాడు, తెలియకయే క్రొత్త షరతుల నంగీకరించినవాడగును.

అపోహ 2: ప్రీమియము తక్కువైన ప్లానే చవుక.

వాస్తవము: ప్రీమియము, డిడక్టిబుల్, ప్రతి మందునకు మనము చెల్లించు భాగము, ఈ మూడును కలిపిన సంవత్సరవ్యయమే సరియైన కొలమానము. అది ఎవరి మందులనుబట్టి వారికి వేఱగును. పార్ట్ డిలో కుటుంబ ప్లాను లేదు కావున, ఒకే యింట నుండు దంపతులకు రెండు వేర్వేఱు ప్లానులు తగియుండవచ్చును. మెడికేర్ వారి వెబ్‌సైటులో మందుల పేర్లు, మోతాదులు, ఫార్మసీ పేరు నమోదు చేసినచో, ప్రతి ప్లానుకు సంవత్సరమున ఎంతయగునో అంచనా కనబడును. కంపెనీ ముందస్తు అనుమతి కావలయునను మందులేవో గూడ అచ్చటనే చూచుకొనవలెను.

అపోహ 3: మందులపై సంవత్సరమున పెట్టు సొంత ఖర్చునకు పరిమితి వచ్చినది కనుక ఏ ప్లానైనను ఒక్కటే.

వాస్తవము: 2022 నాటి చట్టమువలన ఆ పరిమితి 2025లో 2,000 డాలర్లుగాను, 2026లో 2,100 డాలర్లుగాను ఏర్పడినమాట నిజమే, వృద్ధులకది గొప్ప యూరట. కాని ప్లాను పట్టికలో లేని మందుపై పెట్టిన ధనము ఆ లెక్కలోనికి రాదు, ప్రీమియమును రాదు, హైదరాబాదులోనో విజయవాడలోనో కొని తెచ్చుకొన్న మందుల వెలయును రాదు.

అపోహ 4: క్రొత్త ప్లానులో చేరుటకు ముందు పాతదానిని రద్దు చేయవలెను, రోగులను చేర్చుకొనరు.

వాస్తవము: రోగమును కారణముగా జూపి పార్ట్ డి ప్లాను ఎవ్వరిని నిరాకరింపరాదు. క్రొత్తదానిలో చేరినచో, దాని రక్షణ మొదలైనంతనే పాతది తనంతట తానే రద్దగును. అందే పెద్ద ప్రమాదమును కలదు: హెచ్‌ఎంఓ, పీపీఓ తరహా అడ్వాంటేజ్ ప్లానులో, అనగా మెడికేర్ రక్షణను ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చు ప్లానులో, ఉన్నవారు విడిగా నొక ఔషధ ప్లానులో చేరినచో, ఆ అడ్వాంటేజ్ ప్లానే పోవును. పిమ్మట మెడికేర్ చెల్లింపగా మిగులు ఖర్చును భరించు మెడిగ్యాప్ బీమాను కోరినను, అనేక రాష్ట్రములలో ఆరోగ్యస్థితి జూచి కంపెనీలు నిరాకరింపవచ్చును. మాజీ యజమానియిచ్చు బీమా గలవారును, తమ జీవితభాగస్వామి బీమా రక్షణ చెడకుండునో లేదో ఆ సంస్థనడిగిన పిమ్మటనే కదలవలెను.

అపోహ 5: ఇప్పుడు మందులు వాడుట లేదు; జబ్బు చేసినప్పుడు చేరవచ్చును.

వాస్తవము: తొలి గడువు దాటిన పిదప, తత్సమానమైన వేఱొక ఔషధబీమా లేక వరుసగా 63 దినములు గడచినచో, లోటుపడిన ప్రతి నెలకును జాతీయ మూల ప్రీమియములో 1 శాతము చొప్పున జరిమానా పడును. 2026లో ఆ మూలము 38.99 డాలర్లు, రెండేండ్ల ఆలస్యమునకు నెలకు సుమారు 9.40 డాలర్లగును. పార్ట్ డి ఉన్నంతకాలము ఇది వెంటాడును.

అపోహ 6: డిసెంబరు 7 దాటినను మార్చి లోపల సరిదిద్దుకొనవచ్చును.

వాస్తవము: జనవరి 1 మొదలు మార్చి 31 వఱకు గల అవకాశము అడ్వాంటేజ్ ప్లానులోనున్నవారికి మాత్రమే. నివాసము మాఱినవారికి, అల్పాదాయులకిచ్చు ఎక్స్‌ట్రా హెల్ప్ పొందువారికి ప్రత్యేక వెసులుబాట్లు కలవు. తక్కినవారు సాధారణముగా మఱుసటి శరత్తు వఱకు వేచియుండవలసినదే.

ఏ ప్లానును అమ్మజూపక ఉచితముగా సలహానిచ్చు షిప్ (రాష్ట్ర ఆరోగ్యబీమా సహాయ కార్యక్రమము) సలహాదారులు ప్రతి రాష్ట్రమునను కలరు. మెడికేర్ వారి 1-800-633-4227 నంబరునకు ఫోను చేసి దుబాసీని కోరుటకును వీలు కలదు. బిడ్డలారా, అక్టోబరులో నొక సాయంకాలము మీ తల్లిదండ్రుల మందుసీసాలను ముందుంచుకొని, వారితో గూర్చుండి ఈ లెక్క చూడుడు. గడువు దాటినపిమ్మట పడు పరితాపము మందుల వెల తగ్గింపదు.