పసిబిడ్డకు సూదిపోటు

శిశువుల నాడీమండలం పూర్తిగా ఎదిగి ఉండదు కనుక వారికి నొప్పి అంతగా తెలియదన్న నమ్మకం వైద్యరంగంలో చాలాకాలం చెలామణీ అయింది. 1987లో ఆనంద్, హికీ అనే వైద్యులు ప్రచురించిన సమీక్షా వ్యాసం దానిని బలంగా ప్రశ్నించింది. పదేళ్ల తరువాత కెనడాలో అన్నా టాడియో బృందం పరిశీలించినప్పుడు, తిమ్మిరి లేపనం పూయకుండా సున్తీ చేసిన మగశిశువులు 4 నుంచి 6 నెలల వయసులో టీకా వేయగా, లేపనం పూసి సున్తీ చేసినవారి కంటే ఎక్కువ బాధ కనబరిచారు.

సూది గుచ్చుకోగానే సన్నని నాడీతంతువులు ఆ సంకేతాన్ని వెన్నుపాముకూ, అక్కడి నుంచి మెదడుకూ చేరవేస్తాయి. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిపిన లేపనం ఈ సంకేతాన్ని చర్మం వద్దనే ఆపగలదు గాని, అది పనిచేయడానికి సుమారు గంట పడుతుంది కనుక కిక్కిరిసిన టీకా కేంద్రాలలో దాని ఉపయోగం పరిమితమే. సూది వేసేటప్పుడు చనుబాలు పట్టి నొప్పి తగ్గించడానికి ఆ ఇబ్బంది లేదు. తల్లి స్పర్శ, చప్పరించడం, పాల తీపి మూడూ ఒకేసారి అందుతాయి. వీటిలో తీపి విషయం మరీ ఆసక్తికరం, ఎందుకంటే చక్కెర ద్రావణాన్ని గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి పంపితే నొప్పి నుంచి ఉపశమనం కలగదు, నాలుకకు తగిలితేనే కలుగుతుంది. నల్లమందు తరహాలో పనిచేసే శరీరపు సొంత రసాయనాలు ఇందుకు కారణమని జంతువులపై జరిగిన ప్రయోగాలు సూచించాయి. అయితే ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు కనుక, ఇంట్లో పంచదార నీళ్లు కలిపి పట్టడం కంటే రొమ్ము అందించడమే మేలు.

సూది వేసే తీరులోనూ మార్పు అవసరం. రక్తం వస్తుందేమోనని ప్లంజరును వెనక్కి లాగి చూసే పాత అలవాటు వల్ల సూది కండరంలో మరికొంతసేపు ఉండి అదనంగా కదులుతుంది. టీకా వేసే తొడ, భుజం భాగాలలో పెద్ద రక్తనాళాలు లేవు కనుక అది అనవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టం చేసింది. ఒకే రోజు అనేక టీకాలుంటే తీపిగా ఉండే రోటావైరస్ చుక్కలను ముందుగా వేసి, ఎక్కువ నొప్పి కలిగించే సూదిని చివరికి ఉంచాలనీ, బిడ్డను బల్లపై పడుకోబెట్టకుండా ఒడిలో పట్టుకోవాలనీ కూడా అది సూచించింది. ముందుగానే పారాసెటమాల్ పట్టడం వల్ల మాత్రం సూదిపోటు తగ్గదు.

కాస్త పెద్ద పిల్లల విషయంలో భయమే నొప్పిని పెంచుతుంది. “అల్లరి చేస్తే సూది వేయిస్తా” అని ఇంట్లో బెదిరించి, ఆసుపత్రిలో “ఏమీ కాదు, నొప్పే ఉండదు” అని బుజ్జగిస్తే బిడ్డ ఆ రెండో మాటను నమ్మదు. తల్లిదండ్రులు ఆ బెదిరింపును పూర్తిగా మానుకోవాలి.