వేరులో అల్లుకున్న పోగు

1885లో బెర్లిన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ వెతకబోయింది ఒకటి, దొరికింది మరొకటి. మట్టిలో పెరిగే ఖరీదైన ట్రఫుల్ పుట్టగొడుగులను సాగుచేసే దారి కనిపెట్టమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. అడవి చెట్ల వేళ్లు తవ్వి చూస్తే, వాటి కొసలను ఒక శిలీంధ్రం తొడుగులా కప్పేసి ఉంది. అయినా చెట్లు నవనవలాడుతున్నాయి. ఇది తెగులు కాదు, పొత్తు అని ఫ్రాంక్ గ్రహించాడు. ‘శిలీంధ్రం’, ‘వేరు’ అని అర్థమిచ్చే రెండు గ్రీకు మాటలు కలిపి ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. నాలుగేళ్లకు, అపరాల వేళ్ల బుడిపెల్లో కాపురముండే బ్యాక్టీరియాకు ‘రైజోబియం’ అని పేరు పెట్టిందీ ఆయనే. కంది, మినుము, పెసర వేళ్లకున్న ఇద్దరు చుట్టాలకూ నామకరణం చేసింది ఒకే మనిషి.

పైర్లలో ఉండే మైకోరైజా వేరే రకం. అది వేరును పైనుంచి కప్పదు. లోపలికి దూరి, కణాల్లో బుల్లి చెట్టులా కొమ్మలు వేస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడమంతా ఆ కొమ్మల దగ్గరే. మొక్క చక్కెరలూ కొవ్వులూ ఇస్తుంది, శిలీంధ్రం తన సన్నని పోగులతో వేరు అందుకోలేని చోటు నుంచి భాస్వరం మోసుకొస్తుంది. స్కాట్లండ్‌లో దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో, ఇంకా అసలు వేళ్లే పుట్టని మొక్కల్లో, ఇలాంటి కొమ్మలే కనిపించాయి.

ఇంత పాత చుట్టాన్ని పొట్లంలోకి ఎక్కించడం మాత్రం తేలిక కాలేదు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్‌లో బార్బరా మాస్ అనే పరిశోధకురాలు 1953లో స్ట్రాబెర్రీ వేళ్లకు అంటుకున్న ఈ శిలీంధ్రపు సిద్ధబీజాల సంగతి ప్రకటించింది. 1963లో గెర్డెమన్, నికల్సన్ అనే పరిశోధకులు మట్టిని నీళ్లలో కలిపి, సన్నని జల్లెళ్లలో వడగట్టి బీజాలను ఏరే పద్ధతి చెప్పారు. చిక్కు ఆ తర్వాతే వచ్చింది. బతికున్న వేరు తోడు లేకుండా ఈ శిలీంధ్రం పెరగదు. అందుకే కుండీల్లో జొన్న, మొక్కజొన్న వంటివి పెంచి, వాటి వేళ్లమీద దాన్ని వృద్ధి చేశారు. 1988లో కెనడాలో బెకార్, ఫోర్టిన్ అనే పరిశోధకులు కాండమూ ఆకులూ లేని క్యారెట్ వేళ్లను గాజు పళ్లెంలో పెంచి, వాటికి దాన్ని అంటించారు. మట్టి అంటని బీజాలు తీసే దారి అలా బలపడింది. మన దుకాణాల్లో ‘వ్యామ్’ పేరుతో అమ్మే జీవన ఎరువు వెనక ఇంత కథ ఉంది.

ఉప్పు నేలలో దీనికి అసలు పరీక్ష. పాలచౌడులో తడి ఉన్నా మొక్క దప్పి తీరదు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. పైగా పొటాషియం వెళ్లాల్సిన దారిన సోడియం చొరబడుతుంది. అపరాలకు మరో దెబ్బ కూడా ఉంది. బుడిపెలు తగ్గిపోతాయి, ఉన్నవి తొందరగా ముసలివైపోతాయి. బుడిపెలో ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి, కణంలో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి. ఏటీపీ తయారవ్వాలంటే భాస్వరం కావాలి. చౌడులో భాస్వరం అందడమే కష్టం. శిలీంధ్రం తెచ్చే భాస్వరానికి అక్కడ అంత విలువ.

2004లో ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గిరి, ముఖర్జీ ఉప్పు నేలలో అవిశె మీద పొలంలో చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. శిలీంధ్రం పట్టించిన మొక్కల్లో బుడిపెలు ఎక్కువ, ఆకుల్లో పచ్చదనం ఎక్కువ. భాస్వరం, నత్రజని, మెగ్నీషియం పెరిగాయి, సోడియం తగ్గింది. 2007లో ప్రకటించిన నల్లతుమ్మ పరీక్షలో వేళ్లలోనూ కొమ్మల్లోనూ సోడియంతో పోలిస్తే పొటాషియం పాలు పెరిగింది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో నీరా గార్గ్, గీతాంజలి మన్‌చందా కందికి ఉప్పు పెట్టి చూశారు. శిలీంధ్రం తోడున్న మొక్కల్లో బుడిపెలు ఎక్కువ కాలం పనిచేశాయి. వాళ్లు వాడిన శిలీంధ్రానికి అప్పటి పేరు ‘గ్లోమస్ మాసే’. స్ట్రాబెర్రీ వేళ్లను తవ్విన బార్బరా మాస్ పేరే అది.

అయితే ఈ శిలీంధ్రం నేలలోని ఉప్పును తీసేయదు. పాలచౌడుకు మంచినీటితో కడిగి మురుగు తీయడం, కారుచౌడుకు జిప్సం వేయడం తప్పవు. ఉప్పు మరీ ఎక్కువైతే బీజాలే మొలకెత్తవు. భాస్వరం ఎరువు గుప్పితే మొక్కే ఈ చుట్టాన్ని దూరం పెడుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే మినుము, పెసర చల్లుతారు. అక్కడ నెలల తరబడి నీళ్లు నిలిచిన మాగాణిలో ఈ శిలీంధ్రం తగ్గిపోతుంది. పైనుంచి చల్లిన పొడి వేరుకు తగిలే అవకాశం కూడా తక్కువ. దుక్కి దున్నిన చేలో అయితే, పశువుల ఎరువులో కలిపి విత్తనం కిందనే సాలులో వేయవచ్చు. కొన్ని వారాలకు మొక్క పెళ్లగించి, బుడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. ఆ రంగు ఉందంటే ఆ బుడిపెలో నత్రజని ఇంకా అమ్మోనియాగా మారుతోందన్నమాట.