దేవతల ఆహారమూ – మా మోతీ

పోయిన దీపావళికి మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ పిల్లలకి నల్ల చాక్లెట్టు పలకలు తెచ్చాడు. వాటిలో నూరు గ్రాములది ఒకటి బల్లమీద ఉండిపోయింది. సాయంత్రం మేము గుడికి వెళ్ళి గంటలో తిరిగి వచ్చేసరికి పలక లేదు. బల్లకింద చిరిగిన వెండికాగితమూ, దాని పక్కన తోక ఆడిస్తూ మోతీ ఉన్నాయి.

"తింటే తిన్నదిలే, పిల్లలు తినడంలా?" అన్నాను నేను. మోతీకి ఏమీ అయినట్టు లేదు. పైగా, ఇంకో పలక ఉందేమోనని నా చేతులవంక చూస్తోంది. "ఉప్పునీళ్ళు పట్టించరా అబ్బాయ్, కక్కేస్తుంది" అంది మా అమ్మ. మా ఆవిడ మా ఇద్దరి మాటా వినకుండా పశువుల డాక్టరుగారికి ఫోను చేసింది. ఆ పూట ఇంట్లో బుద్ధి పనిచేసింది ఆవిడ ఒక్కతెకే అని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

డాక్టరుగారు మూడే ప్రశ్నలు అడిగారు. కుక్క బరువెంత? ఏ రకం చాక్లెట్టు, ఎంత తిన్నది? తిని ఎంతసేపయింది? "కాగితం పారెయ్యకుండా పట్టుకు రండి. ఉప్పునీళ్ళు మాత్రం వద్దు" అన్నారు. ఉప్పు మోతాదు మించితే కుక్కకి అదే ఇంకో విషమట! దానివల్ల కూడా మూర్ఛలు రావచ్చునట.

అసలు దోషం థియోబ్రోమిన్ అనే పదార్థానిది. కాఫీలోని కెఫీనుకి ఇది దాయాది. మన ఒంట్లో త్వరగానే విరిగిపోతుంది కాని, కుక్క ఒంట్లో సగం పోవడానికే 17, 18 గంటలు పడుతుంది. లిన్నేయస్ పండితుడు 1753లో కోకో చెట్టుకి 'థియోబ్రోమా' అని పేరు పెట్టాడు. గ్రీకుభాషలో దానికి 'దేవతల ఆహారం' అని అర్థం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు పాలసముద్రం గుర్తుకొచ్చింది. అక్కడ అమృతం వేరు, హాలాహలం వేరు. ఇక్కడ రెండూ ఒకే పలకలో ఉన్నాయి! అన్నట్టు, మన గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల నీడన కాసే కోకోలోనూ ఉన్నది ఇదే. అంచేత ఆరబోసిన గింజలు కూడా కుక్కకి అందకూడదు.

పాలచాక్లెట్టులో ఇది గ్రాముకి సుమారు 2 మిల్లీగ్రాములు. నల్లదానిలో 5, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. కోకోపొడిలో 20 దాటుతుంది. తెల్ల చాక్లెట్టులో దాదాపు లేనట్టే. కుక్క బరువులో కిలోకి 20 మిల్లీగ్రాములు పడితే వాంతులు, విరేచనాలు, దాహం మొదలవుతాయి. 40, 50 అయితే గుండె అదుపు తప్పుతుంది. 60 దగ్గర మూర్ఛలు. మోతీ 12 కిలోలు. లెక్కల్లో నేను చిన్నప్పటినుంచీ మొద్దునే కాని, రిక్షాలో కూర్చుని ఈ ఒక్క లెక్కా నోటనే కట్టాను. నలభై దాటింది.

డాక్టరుగారు ఇంజక్షను ఇచ్చి కక్కించారు. ఆ పని వారే చెయ్యాలి. అప్పటికే తూలుతూన్న కుక్కని కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తరవాత మందుబొగ్గు పొడి పట్టించి, సెలైను ఎక్కించారు. "ఇప్పుడు బాగుందని ధీమాగా ఉండకండి. తిన్న ఆరేడు గంటలకు కూడా లక్షణాలు బయటపడవచ్చు" అన్నారు.

అన్నట్టే అర్ధరాత్రికి మోతీ నిలకడ లేకుండా గదంతా తిరుగుతూ రొప్పడం మొదలుపెట్టింది. చెయ్యివేస్తే గుండె దడదడలాడుతోంది. మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాం. గుండెకి మందు ఇచ్చి, తెల్లవార్లూ అక్కడే ఉంచుకున్నారు. ఇంటికి పంపుతూ, గంట గంటకీ ఒంటికి తీసుకువెళ్ళమన్నారు. ఆ విషం మూత్రాశయంలో నిలవ ఉంటే మళ్ళీ రక్తంలోకి ఎక్కుతుందట. ఆ రోజు క్లాసులు మానుకుని, మఫ్లరు చుట్టుకుని మా వీధిలో ఎన్ని ప్రదక్షిణాలు చేశానో ఎదురింటివారిని అడగాలి.

మూడోనాటికి మోతీ పెరుగన్నం తిన్నది. మిగిలిన పలకలు ఇనప్పెట్టెలో, మా ఆవిడ నగల పక్కన ఉన్నాయి. తాళంచెవి నాక్కూడా ఇవ్వడంలేదు.