కుట్లు మానకపోతే ఎవరినడగాలి?



ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే మనం దేవుడికి దణ్ణం పెట్టుకుని, డాక్టరుగారి మీద భారం వేసి కూర్చుంటాం. బాగైతే కొబ్బరికాయ కొడతాం. బాగవకపోతే? తలరాత అని ఊరుకుంటాం, లేదా మగవాళ్ళు వెళ్ళి ఆస్పత్రిలో కేకలేసి వస్తారు. ఈ రెండూ కాక ఇంకో దారి ఉంది. ఇవాళ దాని గురించే చెబుదామని.

ఆమధ్య మా ఆడపడుచుకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి ఆపరేషన్ అయింది. మూడో రోజున ఇంటికి పంపించారు. ఐదో రోజు సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది, కుట్ల చుట్టూ ఎర్రగా వాచింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎవరో తీసి, "అది మామూలేనమ్మా, జ్వరం మాత్ర వెయ్యండి" అన్నారు. మర్నాడు చేసినా అదే మాట. ఆ మరుసటి రోజుకి చీము పట్టింది. మళ్ళీ చేర్చుకున్నారు, కుట్లు విప్పి శుభ్రం చేశారు, పది రోజులుంచి, మళ్ళీ బిల్లు చేతిలో పెట్టారు.

మా మరిది అగ్గిలా లేచాడు. "వెళ్ళి అద్దాలు పగలగొడతాను వదినా" అన్నాడు. "అద్దాలు పగిలితే అక్క కుట్లు మానతాయా?" అన్నాను. పైగా ఆస్పత్రుల మీద, సిబ్బంది మీద దాడి చేస్తే జైలుశిక్ష వేసే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది. న్యాయం మనవైపున్నా, చెయ్యెత్తిన మరుక్షణం తప్పు మనదైపోతుంది.

అందరం కూర్చుని ఒక పేజీ ఉత్తరం రాశాం. అందులో తిట్లు లేవు. ఏ తేదీన చేర్చాం, ఏ ఆపరేషన్ అయింది, ఏ రోజు ఎన్ని గంటలకి ఫోన్ చేశాం, ఏమని జవాబిచ్చారు, రెండోసారి ఎంత కట్టాం, అంతే. చివర మూడు ప్రశ్నలు: ఇలా ఎందుకైంది? ఫోన్ చేసినప్పుడు వెంటనే రమ్మని ఎందుకనలేదు? రెండో బిల్లు మేమెందుకు కట్టాలి? రెండు ప్రతులు తీసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద అందినట్లు సంతకం, ముద్ర వేయించుకున్నాం. వాళ్ళు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోవచ్చు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పెద్ద డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి చీము పడుతుంది, అది చేతి తప్పు కాదు. కానీ జ్వరం, వాపు అని ఫోన్ చేసిన మనిషిని రప్పించి చూడకపోవడం మాత్రం తప్పేనని ఒప్పుకున్నారు. రెండో బిల్లు తగ్గించారు. తిరిగొస్తూ మా ఆడపడుచు, "డబ్బు సంగతి అలా ఉంచు వదినా, నా నొప్పి నిజమేనని ఒప్పుకున్నారు" అంది. ఆ రెండు రోజులూ నేనే ఓర్చుకోలేకపోతున్నానేమో అనుకుందట పాపం!

ఇక్కడ మనం గ్రహించాల్సింది ఒకటుంది. జబ్బు నయం కానంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం చేసినట్లు కాదు. 2005లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఆ విద్యలో మామూలు నేర్పున్న డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే చూస్తారు. తువ్వాలు కడుపులో మర్చిపోవడం లాంటిది మాత్రం ఎవరూ సమర్థించలేరు. అప్పటి ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో 1963లో కాన్పుకొచ్చిన ఒకావిడకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు అదే జరిగింది. ఆవిడ ప్రాణం పోయింది. ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి 1996 వచ్చింది.

ఇక కాగితాల సంగతి. డిశ్చార్జి కాగితమొక్కటే చాలదు. కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, పరీక్షల రిపోర్టులు, అన్నిటి నకళ్ళూ అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. బిల్లుల పక్కనే ఒక నోటుబుక్కు పెట్టి, జ్వరమెంత, ఎవరితో మాట్లాడాం అన్నది రోజూ రాసుకోండి. పాలపద్దు రాసే చేతికి ఇది కష్టమా?

ఆపరేషన్‌కి ముందు పెట్టే సంతకం కూడా చదివే పెట్టాలి. ఢిల్లీలో ఒకావిడకి పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆవిడ స్పృహలో లేనప్పుడు తల్లిచేత సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం ఉంటే తప్ప, పెద్దమనిషి తాను ఒప్పుకోని ఆపరేషన్ చేయకూడదని, తల్లి సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మన శరీరానికి మనమే సంతకం పెట్టాలి, తెలిసి పెట్టాలి.

ఉత్తరానికి జవాబు రాకపోతే? ప్రభుత్వాసుపత్రి అయితే సూపరింటెండెంటుగారికి, ఆపైన కలెక్టరుగారికి అర్జీ పెట్టవచ్చు. ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద చేరితే, ఆస్పత్రిలోనే ఆరోగ్యమిత్ర ఉంటారు, మొదట వారికి చెప్పండి. డాక్టరు నడవడి మీద ఫిర్యాదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి రాయాలి. వారు డాక్టరుని మందలించగలరు, పేరు రిజిస్టరు నుంచి తీసెయ్యగలరు. అయితే డబ్బిప్పించడం వారి పని కాదు.

నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫీజు తీసుకుని చేసే వైద్యం ఆ చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ఆస్పత్రికి మాత్రం అది వర్తించదు. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు మాత్రం రెండేళ్ళు. "చూద్దాంలే" అంటూ ఆ రెండేళ్ళూ గడిపేస్తాం, అదే మన జబ్బు! సలహా కావాలంటే 1915 నంబరుకి ఫోన్ చేయవచ్చు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి. ఆపరేషనై ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, నొప్పి తగ్గకపోగా ఎక్కువవుతున్నా, ఫోన్ మాటతో సరిపెట్టుకోకండి. మనిషిని తీసుకుని వెళ్ళండి. ఉత్తరం తర్వాతైనా రాయవచ్చు, ప్రాణం మాత్రం ఆగదు.

డాక్టర్లు మనకి శత్రువులు కారు. కానీ నొప్పి పడింది మనం గనుక, ఎందుకని అడగడం మన హక్కు. మర్యాదగా అడగాలి, కాగితం మీద అడగాలి, జవాబు వచ్చేదాకా అడగాలి. మరి సెలవు.