దోమ కుట్టకుండానే మలేరియా

మలేరియా అనగానే మనందరికీ దోమే గుర్తుకు వస్తుంది. అది న్యాయమే. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ పొట్టలో ఈ వ్యాధి క్రిమిని కనుగొన్నాడు. అయితే దోమ మోసుకొచ్చేది మాత్రమే. రోగిలో జ్వరం పుట్టించే క్రిమి ఉండేది రక్తంలో. ఆ రక్తం ఏ దారిన మరొకరి శరీరంలో చేరినా వ్యాధి రావచ్చు. 1917లో వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ అనే వైద్యుడు సుఖవ్యాధి ముదిరి మతి తప్పిన రోగులకు మలేరియా రోగి రక్తమిచ్చి, కావాలనే జ్వరం తెప్పించి చికిత్స చేశాడు. అక్కడ దోమ ప్రమేయమే లేదు.

మొదటి దారి రక్తం ఎక్కించడం. మన హనుమాన్ జంక్షన్ మీదుగా పోయే జాతీయ రహదారి ఎప్పుడూ రద్దీయే. వేసవిలో నూజివీడు మామిడికాయల లారీలు తోడవుతాయి. ప్రమాదం జరిగితే రక్తం కావాలి, కాన్పు కష్టమైతే రక్తం కావాలి. ఫ్రిజ్‌లో ఉంచిన రక్తంలోనూ ఈ క్రిమి కొన్నాళ్లు బ్రతుకుతుంది. అందుకే ఎయిడ్స్, కామెర్లు, సుఖవ్యాధులతోపాటు మలేరియాకు కూడా ప్రతి రక్తపు సంచినీ పరీక్షించాలని చట్టం. సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తం అమ్ముకునేవారి వద్ద తీసుకోవడం నిషిద్ధమైంది. అయినా క్రిములు కొద్దిగా ఉంటే పరీక్షకు చిక్కకపోవచ్చు. కాబట్టి దాత నిజం చెప్పడం ముఖ్యం. మలేరియా నయమైన తరువాత మూడు నెలలైనా ఆగి రక్తమివ్వాలి. మొగమాటంతో దాచిపెట్టి ఇచ్చిన రక్తం దానం కాదు, అపాయం.

రెండవ దారి సూది. ఒకరికి గ్రుచ్చిన సూది, సిరంజి మరొకరికి వాడనివ్వరాదు. కొత్త ప్యాకెట్టు మన యెదుటనే విప్పమని అడుగుదాము. అది అమర్యాద కాదు.

మూడవ దారి తల్లి గర్భం. గర్భిణికి మలేరియా సోకితే రక్తహీనత, గర్భస్రావం, బరువు తక్కువ బిడ్డ పుట్టే ప్రమాదం ఉంది. కొన్నిసార్లు క్రిమి బిడ్డకే చేరుతుంది. పుట్టిన కొద్ది వారాల్లో పసిబిడ్డకు జ్వరం వచ్చినా, పాలు త్రాగకపోయినా, పాలిపోయినా దిష్టి అని ఊరుకోక రక్తపరీక్ష చేయించాలి. కాన్పుకు ముందు తల్లికి జ్వరం వచ్చియుంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పాలి. తల్లిపాల వలన మలేరియా రాదు, పాలు మాన్పించవద్దు.

రక్తం ఎక్కించుకున్న కొద్ది వారాలకు చలిజ్వరం వస్తే ఆ సంగతి కూడా చెప్పాలి. దోమ ద్వారా వచ్చిన క్రిమి మొదట కాలేయంలో చేరుతుంది. వైవాక్స్ రకమైతే అక్కడే దాగి, నెలల తరువాత మళ్లీ జ్వరం తెస్తుంది. రక్తం ద్వారా వచ్చినది కాలేయంలో దాగదు. ఆ సంగతి తెలిస్తే ఏ మందు అవసరమో వైద్యుడు నిర్ణయించగలడు.

ముట్టుకుంటే, ఒకే కంచంలో తింటే, దగ్గితే ఈ వ్యాధి అంటదు. పేతురు అత్త జ్వరంతో పడియుండగా ప్రభువు ఆమె చెయ్యి ముట్టినట్టు మత్తయి సువార్త 8వ అధ్యాయంలో చదువుతాము. మనమూ జ్వరపీడితుల మంచము దగ్గర నిర్భయంగా కూర్చుందాము, ప్రార్థన చేద్దాము, రక్తపరీక్షకు వెంటబెట్టుకొని వెళ్దాము. దోమతెర కట్టడం మాత్రం మానవద్దు. ఎక్కువమందికి ఈ వ్యాధి వచ్చేది ఇంకా దోమ వలననే.