హైదరాబాద్ బెలూన్ల నుంచి ఆస్ట్రోశాట్ దాకా

నక్షత్రాలు, గెలాక్సీలు, కృష్ణబిలాల పరిసరాలు రేడియో తరంగాలు మొదలుకొని గామా కిరణాల దాకా అన్ని రకాల కిరణాలనూ వెదజల్లుతూ ఉంటాయి. అయితే భూమిని కప్పి ఉన్న వాతావరణం వాటిలో దృశ్య కాంతిని, రేడియో తరంగాలలో ఎక్కువ భాగాన్ని, పరారుణ కిరణాలలో కొంత భాగాన్ని మాత్రమే కిందికి రానిచ్చి, తక్కినవాటిని పైనే అడ్డుకుంటుంది. సుమారు 300 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలను ఓజోన్, ఆక్సిజన్ పీల్చుకుంటాయి. ఎక్స్-కిరణాలు గాలిలోని పరమాణువులను తాకి అక్కడే అంతమవుతాయి. జీవరాశికి ప్రాణరక్షకమైన ఈ ఏర్పాటే ఖగోళ పరిశోధనకు పెద్ద ఆటంకం. ఎంత ఎత్తైన కొండ మీద ఎంత పెద్ద దూరదర్శినిని నిలిపినా, లక్షల, కోట్ల డిగ్రీల వేడిలో జరిగే విశ్వఘటనలు వెలువరించే ఎక్స్-కిరణాలు దానికి అందవు. వాటిని చూడాలంటే పరికరాన్ని గాలికి పైకి చేర్చక తప్పదు.

1962లో రికార్డో జకోని బృందం అమెరికాలో ఒక రాకెట్‌లో డిటెక్టర్లను అమర్చి పైకి పంపినప్పుడు, ఆ కొద్ది నిమిషాల ప్రయాణంలోనే వృశ్చిక రాశి దిశలో ప్రకాశవంతమైన ఎక్స్-కిరణ జనకం ఒకటి బయటపడింది. సౌరకుటుంబానికి వెలుపల కనుగొన్న తొలి ఎక్స్-కిరణ జనకం అదే. ఈ రంగానికి పునాది వేసినందుకు జకోనికి 2002లో నోబెల్ బహుమతి లభించింది. రాకెట్ క్షణకాలపు చూపును మాత్రమే ఇస్తుంది కనుక, గంటల తరబడి చూడదలచినవారు ఆ రోజుల్లో ఆశ్రయించినది హైడ్రోజన్ నింపిన భారీ బెలూన్లను. ఈ రంగంలో తెలుగు నేలకు ఉన్న పాత్ర తగినంతగా ప్రచారంలోకి రాలేదు.

ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1960ల చివరి సంవత్సరాల నుంచి హైదరాబాద్‌లో బెలూన్లను ఎగరవేసి ఎక్స్-కిరణ జనకాలను పరిశీలించారు. ఆ సంస్థ బెలూన్ కేంద్రం నేటికీ నగరంలోనే ఉంది. హైదరాబాద్‌ను ఎంచుకోవడానికి బలమైన భౌతిక కారణం ఉంది. అంతరిక్షం నుంచి నిరంతరం దూసుకువచ్చే ఆవేశిత కణాలను, అంటే విశ్వకిరణాలను, భూమి అయస్కాంత క్షేత్రం దారి మళ్లిస్తుంది. ఈ రక్షణ అయస్కాంత భూమధ్యరేఖకు సమీపంలో అత్యధికంగా, ధ్రువాల వద్ద అత్యల్పంగా ఉంటుంది. ఆ రేఖకు చేరువలో ఉన్న హైదరాబాద్ మీద శక్తి తక్కువైన విశ్వకిరణాలు చొరబడలేవు కనుక, డిటెక్టర్‌లో నమోదయ్యే అనవసరపు సందడి తగ్గి, సుదూర జనకం నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని గుర్తించడం సులువవుతుంది. ఖగోళ శాస్త్రంలో గ్రహించే శక్తి ఎంత ముఖ్యమో, నేపథ్యం నిశ్శబ్దంగా ఉండడమూ అంతే ముఖ్యమన్న సత్యం ఈ బెలూన్ ప్రయోగాల నుంచి నేటి ఉపగ్రహాల దాకా ఏకసూత్రంగా కనిపిస్తుంది.

బెలూన్‌కు పరిమితులున్నాయి. 40 కిలోమీటర్ల ఎత్తులో కూడా దానిపై పలుచని గాలి పొర మిగిలే ఉంటుంది. ఆ పొరను చీల్చుకొని రాగలిగేవి శక్తి ఎక్కువైన ఎక్స్-కిరణాలే. తక్కువ శక్తి గల కిరణాలకు ఉపగ్రహమే శరణ్యం. 1996 మార్చిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్‌ఎస్-పి3 ఉపగ్రహంలో భూపరిశీలన కెమెరాలతో పాటు ఒక చిన్న ఎక్స్-కిరణ ఖగోళ పరికరం కూడా చోటు చేసుకుంది. బెలూన్ ప్రయోగాలలో ఆరితేరిన పి.సి. అగర్వాల్ దానికి సారథ్యం వహించారు; తరువాత పూర్తిగా ఖగోళ పరిశోధనకే ఉద్దేశించిన ఆస్ట్రోశాట్ రూపకల్పనలోనూ ఆయనది ప్రధాన పాత్ర.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి30 రాకెట్ ఆస్ట్రోశాట్‌ను 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు కేవలం 6 డిగ్రీల వాలు గల కక్ష్యలో ప్రవేశపెట్టింది. హైదరాబాద్ బెలూన్లకు కలిసివచ్చిన అయస్కాంత రక్షణే ఈ కక్ష్య ఎంపికలోనూ కనిపిస్తుంది. దీనివల్ల, దక్షిణ అట్లాంటిక్ మీద ఆవేశిత కణాలు భూమికి బాగా దగ్గరగా దిగివచ్చే ప్రాంతాన్ని కూడా ఉపగ్రహం అంచుల వద్ద తాకుతూ మాత్రమే సాగిపోతుంది.

ఆస్ట్రోశాట్ విశిష్టత అది ఒకే వస్తువును ఒకే సమయంలో అతినీలలోహిత కిరణాలలోను, తక్కువ, ఎక్కువ శక్తుల ఎక్స్-కిరణాలలోను చూడగలగడంలో ఉంది. కృష్ణబిలం తన జంట నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు ఆ బిలం చుట్టూ సుడి తిరుగుతూ పళ్లెం ఆకారంలో ఏర్పడినప్పుడు, దాని లోపలి అంచు ఎక్స్-కిరణాలను, వెలుపలి భాగాలు అతినీలలోహిత, దృశ్య కాంతులను వెలువరిస్తాయి. ఈ వెలుగు క్షణక్షణానికీ మారుతుంది కాబట్టి, ఒక ఉపగ్రహం నేడు ఎక్స్-కిరణాలలోను, మరొకటి నెల తరువాత అతినీలలోహితంలోను చూస్తే ఆ రెండు దృశ్యాలను జోడించి ఏమీ తేల్చలేరు.

ఇందులోని అతినీలలోహిత దూరదర్శిని నిర్మాణ చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది. దీనిలో 38 సెంటీమీటర్ల వ్యాసం గల రెండు దూరదర్శినులు పక్కపక్కనే ఉంటాయి. అద్దాల మీద నూనె ఆవిరి వంటి మలినం కంటికి కనిపించనంత పలుచని పొరగా పేరుకున్నా అది అతినీలలోహిత కిరణాలను మింగేస్తుంది. అందుకే బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా శుద్ధి చేసిన గదులలో దీన్ని కూర్చారు. ప్రయోగం తరువాత కూడా ఉపగ్రహం నుంచి వెలువడే ఆవిరులన్నీ తొలగిపోయే వరకు, రెండు నెలల పాటు, దూరదర్శిని మూతలు తెరవలేదు.

ఆ ఓర్పుకు తగిన ఫలితం 2020లో వెలుగు చూసింది. పుణెలోని అంతర విశ్వవిద్యాలయ ఖగోళ కేంద్రానికి చెందిన కనక్ సాహా నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం, 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా సేకరించిన పరిశీలనలను విశ్లేషించి, ఏయూడీఎఫ్‌ఎస్01 అనే గెలాక్సీ నుంచి తీవ్ర అతినీలలోహిత కాంతి వెలువడుతున్నట్లు నిరూపించింది. ఆ కాంతి మన వద్దకు చేరడానికి సుమారు 930 కోట్ల సంవత్సరాలు పట్టింది. 91.2 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతికి హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి ఉంటుంది. కనుక నక్షత్రాలలో పుట్టే అటువంటి కాంతిని గెలాక్సీలోని హైడ్రోజన్ వాయువే దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది. ఈ గెలాక్సీలో మాత్రం అది బయటపడి వచ్చింది. విశ్వం పుట్టిన తొలి వంద కోట్ల సంవత్సరాలలో గెలాక్సీల మధ్యనున్న హైడ్రోజన్ అంతా ఎలక్ట్రాన్లను కోల్పోయిందని తెలిసినా, ఆ పని చేసిన కాంతి వాయువు తెరలను దాటి ఎలా వెలికి వచ్చిందన్నది నేటికీ తేలని ప్రశ్న. దాన్ని పరిశీలించడానికి ఈ గెలాక్సీ ఒక ప్రత్యక్ష ఆధారం.

హబుల్ దూరదర్శిని అద్దం వ్యాసం 2.4 మీటర్లు; దాని ముందు ఆస్ట్రోశాట్ దూరదర్శిని చాలా చిన్నది. అయినా, హబుల్ ఎన్నోసార్లు పరిశీలించిన ఆకాశ భాగంలోనే ఈ చిన్న పరికరం ఆ కాంతిని పట్టుకోగలిగింది. దీని డిటెక్టర్లు కాంతి కణాలను, అంటే ఫోటాన్లను, ఒక్కొక్కటిగా లెక్కిస్తాయి. వాటిలో నేపథ్యపు సందడి అత్యల్పం. పరిమాణం ఒక్కటే దూరదర్శినికి కొలమానం కాదని ఇంతకంటే బలంగా చెప్పే ఉదాహరణ భారతీయ ఖగోళ శాస్త్రంలో మరొకటి లేదు.

ఉపగ్రహంలోని కాడ్మియం-జింక్-టెల్యురైడ్ పరికరం క్రాబ్ పల్సార్ నుంచి వచ్చే ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని, అంటే వాటి కంపనాలు ఏ దిశలో ఎంతగా ఒదిగి ఉంటాయన్న దాన్ని కొలిచింది. సెకనుకు 30 సార్లు తిరిగే ఈ న్యూట్రాన్ తార కాంతిపుంజం భూమి వైపు ఉన్నప్పుడు ధ్రువణం ఎక్కువగా ఉంటుందని ఊహించగా, పుంజం పక్కకు మళ్లిన వేళలోనే అది బలంగా కనిపించింది. 2017లో ప్రచురితమైన ఈ ఫలితం పల్సార్ సిద్ధాంతాలకు కొత్త సవాలైంది. ధ్రువణాన్ని కొలవడం కోసమే రూపొందిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే బయలుదేరింది.

అయిదేళ్ల ఆయుర్దాయంతో వెళ్లిన ఆస్ట్రోశాట్ పదేళ్లు నిండినా పని చేస్తూనే ఉంది. సమీప అతినీలలోహిత విభాగం 2018లో ఆగిపోయినప్పటికీ, సుదూర అతినీలలోహిత విభాగం పరిశీలనలు కొనసాగించింది. ఆస్ట్రోశాట్ సమాచారం నిర్ణీత కాలం పరిశోధకుల వద్ద ఉన్న తరువాత ఇస్రో భాండాగారంలో అందరికీ ఉచితంగా లభిస్తుంది. దాన్ని విశ్లేషించడంలో పుణె కేంద్రం శిక్షణ కూడా ఇస్తోంది. తమ నేల మీది నుంచే పైకెగిరిన ఈ పరికరం పంపిన సంపదను తెలుగు రాష్ట్రాల భౌతిక శాస్త్ర విభాగాలు స్నాతకోత్తర విద్యార్థుల ప్రాజెక్టు పనిలో భాగం చేయాలి. అందుకు కావలసినది కంప్యూటరు, ఇంటర్నెట్, శ్రద్ధగల ఒక అధ్యాపకుడు.