కారు కింద రొద
హోసూరు దాటి కృష్ణగిరి రహదారిలో మీ కారు 80 కిలోమీటర్ల వేగం అందుకోగానే కింద నుంచి గుర్రుమని రొద వస్తోందా? రేడియో గొంతు పెంచి ఊరుకోకండి.

అదే వేగంలో గేరు మార్చి చూడండి. ఇంజను చప్పుడు మారినా రొద మారకపోతే, అది చాలావరకు చక్రాల దగ్గరిదే. తారు రోడ్డు పోయి సిమెంటు రోడ్డు రాగానే మారితే టైర్లను అనుమానించండి. ఏ రోడ్డు మీదనైనా ఒకేలా ఉండి, కుడి మలుపులో హెచ్చితే ఎడమ చక్రం బేరింగు, ఎడమ మలుపులో హెచ్చితే కుడి చక్రం బేరింగు అరిగి ఉండవచ్చు. బస్సు మలుపు తిరిగితే మనం అవతలికి ఒరుగుతాం కదా, కారు బరువూ అంతే.

మెకానిక్ చేత జాకీ మీద ఎత్తించి, చక్రం తిప్పించండి. అరిగిన బేరింగు గరగరమంటుంది. అది పూర్తిగా పాడైతే చక్రం బిగుసుకుపోవచ్చు, ఊడిపోనూ వచ్చు. పిల్లాపాపలతో ప్రయాణం కట్టకముందే చూపించుకోండి.